నలుపుల మీద మైనం

శవాల బండికి సింగారం ఎందుకని అడిగేవాళ్ళకు లోకంలో కొదవ లేదు. బ్రష్షమ్మ ఇంట్లోనే ఒకరున్నారు, ఆవిడ అత్తగారు. "లోపల పడుకున్నవాడు లేచి చూసుకోడు, పక్కన కూచున్నవాళ్ళకి చూసే ఓపిక ఉండదు. ఎవరి కోసమే ఆ తోముడు?" అని పన్నెండేళ్ళుగా అడుగుతూనే ఉంది. కోడలు జవాబు చెప్పదు. చెప్పినా అత్తగారు వినదు. ఆవిడకు అడగడం మీద ఉన్న సరదా వినడం మీద లేదు.

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు జవాబు బ్రష్షమ్మకు కూడా చాలాకాలం తెలియదు. పని నేర్పినాయన ఎలా చెయ్యమంటే అలా చేసింది, అంతే. ఎందుకో తెలిసిన రోజు మాత్రం ఆవిడకు అన్నం సహించలేదు.

ఆవిడ అసలు పేరు షెడ్డులో ఎవరికీ గుర్తులేదు. నీలం రంగు పనిచొక్కా జేబులో పెన్నులుండాల్సిన చోట మూడు పాత టూత్ బ్రష్షులు ఉంటాయి. ఒకటి మెత్తది, ఒకటి కాస్త గట్టిది, ఒకటి సగానికి కుచ్చు కోసేసింది. అందుకని బ్రష్షమ్మ. అంతకు ముందు ఒక హాస్టల్ వంటగదిలో గిన్నెలు తోమేది. హాస్టల్ మూతపడ్డాక, ఇంటి ముందుగదిలో ఇస్త్రీ చేసే మొగుడి సంపాదనతో ముగ్గురి కడుపులు నిండక, వీధి చివర రేకుల షెడ్డులో బండ్లు కడగడానికి మనిషి కావాలంటే వెళ్ళింది. ఏం బండ్లో వెళ్ళాక తెలిసింది. వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకుంది కూడా. గేటు దగ్గర నిలబడ్డ పెద్ద డ్రైవరు, "చచ్చినవాళ్ళు ఏమీ అనరమ్మాయ్. బతికున్నవాళ్ళతోనే జాగ్రత్త," అన్నాడు. ఆయన అన్న తీరుకు నవ్వొచ్చి ఆగిపోయింది.

షెడ్డులో మూడు బండ్లు. మూడూ తెల్లవే. బండి ఒంటికి వ్యాక్సు రాసి, ఆరనిచ్చి, బట్టతో తుడిస్తే అద్దంలా వస్తుంది. అది ఎవడైనా చేస్తాడు. తంటా అంతా నల్ల ప్లాస్టిక్‌తోనే. బంపర్లు, అద్దాల వెనక డిప్పలు, తలుపుల పక్కన పట్టీలు, వెనక తలుపు దగ్గర మెట్టు, పట్టుకుని ఎక్కడానికి బిగించిన పిడి, ఇవన్నీ నల్లవి. షెడ్డులో వాటన్నిటినీ కలిపి ‘నలుపులు’ అంటారు. నలుపులు నున్నగా ఉండవు, నిమ్మతొక్క లాగా సన్నటి గుంటలుంటాయి. వ్యాక్సు మైనం పొరపాటున వాటి మీద పడిందా, ఆ గుంటల్లో దూరి ఎండి తెల్లగా పేరుకుంటుంది. చేత్తో రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. తెల్ల బండి మీద మరక ఎవరికీ కనపడదు గాని, నలుపు మీద తెలుపు వీధి అవతలికి కనిపిస్తుంది.

పెద్ద డ్రైవరుకు ఈ నలుపుల మీద పట్టింపు ఎక్కువ. అరవై దగ్గర పడ్డ మనిషి, నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకోవాలన్నట్టుంటాడు. కాని నలుపుల విషయంలో చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. ఎండలో వ్యాక్సు రాయొద్దు. రాసే ముందు ప్రతి నలుపు అంచునా కాగితం టేపు అంటించు. టేపు దాటి పడితే తడిగా ఉన్నప్పుడే తీసెయ్. ఎండిపోయిందా, గోరువెచ్చటి సబ్బునీళ్ళు, మెత్త బ్రష్షు. దానికీ పోకపోతే జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి కొట్టి, మైనం కరిగాక చిన్న గుడ్డ ముక్కతో అద్దుకో. ఆఖరున సగం నీళ్ళు సగం స్పిరిటు. ఒకటి మాత్రం ఎన్నటికీ చెయ్యకు, మెరుపు నూనె రాసి కప్పెయ్యకు. "మనం మరకని తీస్తాం అమ్మాయ్, దాచం," అనేవాడు.

మెరుపు నూనె అంటే ఏమిటో చెప్పాలి. మెకానిక్కుల దగ్గర సీసాల్లో దొరుకుతుంది. సిలికాన్ నూనె. స్పాంజితో ఒక్కసారి రాస్తే ఎంత తెల్లబడ్డ ప్లాస్టిక్ అయినా నిమిషంలో కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతుంది. కింద మైనం మైనంలాగే ఉంటుంది. వాన పడ్డాక రెండూ కలిసి కారతాయి. ఆ నూనె నీళ్ళకు లొంగదు, తుడిచినకొద్దీ పాకుతుంది. బ్రష్షమ్మ దాన్ని పన్నెండేళ్ళలో ముట్టుకోలేదు. సీసా మాత్రం అలమరా పైఅరలో ఉండేది, చిన్న డ్రైవరు తన సొంత మోటారుసైకిలు కోసం తెచ్చుకున్నది.

ఆ రోజు జరిగిందానికి కారణం అడిగితే బ్రష్షమ్మ పని ఒత్తిడి అని చెప్పొచ్చు. ఎవరూ కాదనరు. కాని ఆవిడ అలా చెప్పుకోదు. పొగరు అంటుంది. టేపు అంటించడానికి ముప్పావుగంట పడుతుంది. ఎన్నేళ్ళని అంటిస్తాం, నా చెయ్యి నాకు తెలియదా అనుకుంది. పొద్దున తొమ్మిదింటికి మూడో బండికి టేపు లేకుండా వ్యాక్సు మొదలుపెట్టింది. పైగా షెడ్డులో చోటు లేదని బండిని ఎండలో పెట్టింది. ఒళ్ళంతా రాసి, తుడిచి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసేసరికి నలుపుల అంచులన్నీ సున్నం పూసినట్టున్నాయి. వెనక తలుపు పిడి మీద తన వేళ్ళ గుర్తులే తెల్లగా ఎండి ఉన్నాయి. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

బకెట్‌లో వేణ్ణీళ్ళు తెచ్చి ముందు బంపరు మొదలుపెట్టింది. సగమైనా కాకముందే సూపర్‌వైజరు కాగితం పట్టుకుని వచ్చాడు. ఎవరో అమ్మాయి, పంతొమ్మిదేళ్ళు, జ్వరం తలకెక్కి చనిపోయింది, ఇరవై నిమిషాల్లో బండి ఇంటి ముందుండాలి. మిగతా రెండు బండ్లూ ఈలోగా బయటికి వెళ్ళిపోయాయి. పెద్ద డ్రైవరు లోపల యూనిఫాం వేసుకుంటున్నాడు.

బ్రష్షమ్మ అటూ ఇటూ చూసింది. ‘ఒకసారేగా’ అనుకుంది. పైఅరలో సీసా తీసింది.

పెద్ద డ్రైవరు బయటికొచ్చేసరికి నలుపులు కాటుకలా ఉన్నాయి. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బాగుంది," అన్నాడు. ఆయన నోటివెంట ఆ మాట రావడం ఏడాదికి ఒకసారో రెండుసార్లో. బ్రష్షమ్మ తల వంచుకుని బకెట్ ఎత్తుకుంది. ఆ మెప్పు ఆవిడకు ముల్లులా దిగబడింది. బండి గేటు దాటేటప్పుడు ఆకాశం మబ్బు పట్టి ఉంది.

బండి తిరిగొచ్చింది పన్నెండున్నరకు. వాన అప్పటికి తగ్గింది. వెనక తలుపు మీద, మెట్టు మీద, పిడి కిందంతా పాలు విరిగి కారినట్టు తెల్లటి చారలు. పెద్ద డ్రైవరు బండి ఆపి, తాళంచెవి మేకుకు తగిలించి, బ్రష్షమ్మ వంక చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదని ఆవిడ అనుకుంది. చారలు తుడవబోతుంటే, ఊరి అవతలి షెడ్డులో బండి చెడిపోయిందని వాళ్ళ డ్రైవరు వచ్చి దీన్ని అలాగే తీసుకుపోయాడు. పైపైన నూనె తుడవడానికి కూడా టైము దొరకలేదు.

మర్నాడు పెద్ద డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని వచ్చి, ఆవిడ గుడ్డలు ఆరేస్తున్న తీగ పక్కన నిలబడ్డాడు.

"నూనె రాశావు."

"రాశాను బాబాయ్."

"ఆ అమ్మాయి తల్లి పిడి పట్టుకుని ఎక్కింది. చెయ్యంతా అంటింది. వానలో తడిసి తెల్లగా, జిగురుగా. కూతురి తల దగ్గరే కూచుంది. కాని దారి పొడుగునా కూతురి వంక చూడలేదమ్మాయ్. నేను అద్దంలో చూస్తూనే ఉన్నా. చెయ్యి తుడుచుకుంటూ కూచుంది. రుమాలుతో తుడిచింది, బెంచీ గుడ్డకి తుడిచింది, బట్టలకి తుడిచింది. ఇరవై నిమిషాలు. ఇంతలో శ్మశానం గేటు వచ్చేసింది."

గ్లాసులో మిగిలిన టీ కాలవలో పారబోసి వెళ్ళిపోయాడు.

ఆ బండిలో ఏదీ కంటికి అడ్డం రాకూడదు, చేతికి అంటుకోకూడదు. ఎక్కినవాళ్ళకు లోపలున్న మనిషి తప్ప మరేదీ గుర్తు రాకూడదు. పన్నెండేళ్ళు తోమిన తోముడు అందుకని బ్రష్షమ్మకు ఆ పూట తెలిసింది. ఇంత ఆలస్యంగా, ఇలా తెలియాలా అని ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికెళ్ళి కంచం ముందు కూచుంది గాని ముద్ద దిగలేదు. రెండో రోజూ అంతే. లేచి చేతులు కడుక్కోవడం, మళ్ళీ కడుక్కోవడం. మొగుడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. లేదంది. అత్తగారు మాత్రం ఊరుకునే రకం కాదు. నాలుగో రోజుకి మొత్తం విషయం రాబట్టింది. విన్నాక, ఎప్పుడూ లేనిది, ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

"ఆ తల్లి దగ్గరికెళ్ళి చెప్పు," అంది.

"చెప్తే ఏమవుతుందత్తా?"

"తిడుతుంది."

"తిడితే?"

"తిట్లు తిన్నాకైనా నీకు ఆకలేస్తుంది. ఇలా పస్తులుండి నువ్వు పోతే నిన్ను మోసుకెళ్ళే బండి తోమేదెవరు?"

అత్తగారి ఓదార్పు అలాగే ఉంటుంది. బ్రష్షమ్మకు నవ్వు రాలేదు గాని, ఆ మాట మనసులో పడింది. అయినా వెళ్ళడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారమంతా అవతలి షెడ్డులో ఆ బండి తిరుగుతూనే ఉంది. ఆ పిడిని ఎంతమంది తల్లులు, ఎంతమంది అన్నదమ్ములు పట్టుకుని ఎక్కుతున్నారో అని ప్రతి పూటా అనుకునేది. సూపర్‌వైజరును రెండుసార్లు అడిగింది, బండి ఎప్పుడొస్తుందని. "నీకెందుకు?" అన్నాడు. పెద్ద డ్రైవరును ఆ తల్లి ఇంటి గుర్తులు అడిగింది.

"వద్దమ్మాయ్," అన్నాడాయన. "నీ బరువు దించుకోడానికి ఆవిడ గుమ్మమే దొరికిందా? ఆవిడ మోసేది చాల్లేదా?"

నిజంగానే తన బరువు కోసమే వెళ్తున్నానేమోనని బ్రష్షమ్మకూ అనుమానం ఉంది. కాని ఆ తల్లి ఆ రోజు చేతికి అంటిందేమిటో తెలియకుండానే బతకాలా? తన చేతికేదో అయిందనో, తన కర్మ అనో అనుకుంటూ? అది ఇంకా అన్యాయం అనిపించింది. ఆ సంగతి చెప్పింది. పెద్ద డ్రైవరు వీధి, మలుపు, తలుపు రంగు చెప్పాడు.

ఆ ఇల్లు ఒక అచ్చాఫీసు వెనక రెండు గదులు. ముందుగదిలో గోడ వెంట నడుము ఎత్తున కాగితాల దొంతరలు. మధ్యలో చాప మీద ఆ తల్లి కూచుని అచ్చు కాగితాలు మడుస్తోంది. పుస్తకాల బైండింగు పని. పక్కన జిగురు డబ్బా, దానికి చెయ్యి ఆనేంత దూరంలో తడిగుడ్డ. వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి తాను ఫలానా అని చెప్పుకుంటూ ఉంటే ఆవిడ మడత ఆపలేదు. వ్యాక్సు దగ్గరికి వచ్చేసరికి ఆపింది. నూనె దగ్గరికి వచ్చేసరికి తలెత్తింది.

బ్రష్షమ్మ ఏదీ దాచలేదు. టేపు అంటించకపోవడం, ఎండ, సీసా, అన్నీ వరసగా చెప్పింది. చెప్పడం అయిపోయాక ఏం చెయ్యాలో తెలియక పైచెంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తల్లి తడిగుడ్డ తీసుకుని వేళ్ళకున్న జిగురు తుడుచుకుంది, ఒక్కో వేలు, గోళ్ళ సందులతో సహా. బైండింగు పనివాళ్ళకు అది ఊపిరి లాంటి అలవాటు. చెయ్యి శుభ్రం చేసుకోకుండా ఏ కాగితాన్నీ ముట్టుకోరు.

"కూచో," అంది.

బ్రష్షమ్మ గడప మీద కూచుంది.

"కావాలని చేశావా?"

"లేదక్కా."

"తెలిసి చేశావా?"

ఈ ప్రశ్న వస్తుందని బ్రష్షమ్మ అనుకోలేదు. లేదనే చెప్పబోయింది. నోటిదాకా వచ్చింది కూడా.

"తెలిసే చేశానక్కా. కింద మైనం ఉందని తెలుసు. కప్పేశాను."

ఆ తల్లి తలాడించింది. కోపం ఉందో లేదో ఆ మొహంలో తెలియలేదు. "నేను రెండు రోజులు కడుక్కున్నా. పోలేదు. ఎన్ని సబ్బులు వాడానో," అంది.

"సబ్బుకి పోదక్కా, దానికి ముందు..." అని మొదలుపెట్టి బ్రష్షమ్మ నాలిక కరుచుకుంది. ఈ గుమ్మంలో కూచుని మరక తీసే చిట్కా చెప్పబోయినందుకు సిగ్గుతో చచ్చిపోయింది. ఆ తల్లి మాత్రం, ముందు ఏం చెయ్యాలన్నట్టు, చెప్పమన్నట్టు చూసింది. మళ్ళీ తనే మాట్లాడింది.

"ఇంటి నుంచి అక్కడికి ఇరవై నిమిషాలు పట్టిందట. మా తమ్ముడు చెప్పాడు. నాకు అందులో ఒక్క నిమిషం కూడా గుర్తులేదు. ఏ వీధిలో వెళ్ళామో తెలీదు. దాని మొహం ఎలా ఉందో తెలీదు. నా చెయ్యి గుర్తుంది. కళ్ళు మూసుకుంటే నా చెయ్యే కనపడుతుంది. పిచ్చిదాన్నయ్యాననుకున్నా. కూతురు పోతే ఏ తల్లయినా చేతులు తుడుచుకుంటూ కూచుంటుందా అని."

"నా వల్లేనక్కా అది."

"నీ వల్లే," అంది ఆవిడ. మెత్తగా చెప్పడానికేం ప్రయత్నించలేదు. తర్వాత మడిచిన కాగితాల కట్టను సరిచేస్తూ, "ఆ దారి నాకు మళ్ళీ కావాలి. అదే బండిలో. అదే చోట కూచోబెట్టి తీసుకెళ్ళండి. కుదురుతుందా?" అని అడిగింది.

తిట్లకు సిద్ధపడి వచ్చిన మనిషి దీనికి సిద్ధంగా లేదు. కుదురుతుందో లేదో తెలియకుండానే తలూపింది.

షెడ్డుకు వచ్చి చెబితే పెద్ద డ్రైవరు కోప్పడలేదు. ఎలా సాధ్యమని కూడా అనలేదు. "బండి రేపు తెప్పిస్తా. బ్రేకులు ఎలా ఉన్నాయో ఊళ్ళో ఒక చుట్టు తిప్పి చూడాలని రాస్తా. నలుపులు మాత్రం నీ పూచీ," అన్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన కాగితం మీద రాసిన మొదటి అబద్ధం అదేనేమో. ఎవరూ తప్పు పట్టలేదు.

మర్నాడు తెల్లారి ఆరింటికి బండి షెడ్డు నీడలో ఉంది. పన్నెండు రోజుల ఎండకు నూనె, మైనం, దుమ్ము ఒకటైపోయి, పిడి గాడుల్లో బూడిదరంగు పక్కు కట్టింది. ఇలాంటిది ఆవిడ ఎన్నడూ తియ్యలేదు. ఇంతవరకూ ఎన్నడూ రానిచ్చిందీ లేదు.

ముందు నూనె పోవాలి. స్పిరిటు నీళ్ళలో చిన్న గుడ్డ ముంచి, అద్ది, ముక్క మార్చి, మళ్ళీ అద్దింది. ఒకే ముక్కతో రెండుసార్లు తుడిస్తే తీసింది మళ్ళీ పూసినట్టే. ఇరవై ఏడు ముక్కలు పోయాయి. నూనె పోయాక అసలు మైనం బయటపడింది, తెల్లగా, గుంటగుంటకీ. తన వేళ్ళ గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి.

జుట్టు ఆరబెట్టే మిషను ఇంటి నుంచి అత్తగారిది తెచ్చింది. జానెడు దూరంలో పట్టి, ఒకేచోట ఆపకుండా వేడిగాలి కొట్టింది. ఎక్కువ కొడితే ప్లాస్టిక్ వంకర పోతుంది, తక్కువైతే మైనం కదలదు. కాస్త మెత్తబడిందనిపించగానే గుడ్డతో అద్దింది. మిగిలినదానికి గోరువెచ్చటి సబ్బునీళ్ళు, మెత్త బ్రష్షు, గుండ్రంగా, బరువు వెయ్యకుండా. మూలలకు కుచ్చు కోసిన బ్రష్షు. పిడి కింది అంచులో బ్రష్షు దూరని సన్న గీత ఒకటుంది. దానికి పెన్సిలు చెరిపే రబ్బరు అంచు చెక్కి రుద్దింది. రబ్బరు తురుము ఊదింది. మళ్ళీ రుద్దింది. వెలుతురుకు అడ్డంగా తల వంచి చూస్తే తప్ప మైనం కనపడదు, అందుకని ప్రతి రెండంగుళాలకూ నేల మీద మోకాళ్ళు ఆనించి పక్కవాటుగా చూసింది. నడుము పట్టేసింది. చిన్న డ్రైవరు వచ్చి, "నేను మెట్టు చూడనా అక్కా?" అంటే వద్దంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

పదకొండింటికి నలుపులు నల్లగా ఉన్నాయి. మెరుపు లేదు. రాతిపలక కడిగి ఆరబెట్టినట్టు, ఊరికే నల్లగా ఉన్నాయి. తన ఎడమచేతిని శుభ్రంగా కడుక్కుని, ఆరనిచ్చి, పిడిని గట్టిగా పట్టుకుని అరచెయ్యి చూసుకుంది. తర్వాత ఆ చేతిని చెంపకు రాసుకుని చూసుకుంది. ఏమీ లేదు.

"చూడు బాబాయ్," అని పిలిచింది.

ఆయన రాలేదు. "ఆవిడే పట్టుకుని చూస్తుందిగా," అన్నాడు స్టీరింగు తుడుచుకుంటూ.

ఆ తల్లి ఒక్కతే తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. పెద్ద డ్రైవరు ఆ రోజు ఆపిన చోటే బండి ఆపి, దిగి, వెనక తలుపు తెరిచాడు. లోపల మధ్యలో శవాన్ని పెట్టే స్టీలు బల్ల, అటూ ఇటూ బెంచీలు. బల్ల ఖాళీగా ఉంది. ఆవిడ కుడిచేత్తో పిడి పట్టుకుంది. ఎక్కింది. ఎక్కాక అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఆవిడ చెయ్యి కిందికి దించి, బల్ల తల వైపు బెంచీ మీద కూచుంది. బ్రష్షమ్మ ఎదురుగా, కాళ్ళ వైపు చివర కూచుంది.

బండి నెమ్మదిగా కదిలింది. అచ్చాఫీసు, మందుల షాపు, బడి గోడ. అప్పటి దారే. ఆవిడ కిటికీలోంచి చూడలేదు. ఖాళీ బల్ల వంకే చూసింది. రెండో మలుపు దాటాక మాట్లాడింది, బ్రష్షమ్మతో కాదు.

"నీ చెప్పులు నీ స్నేహితురాలికి ఇచ్చానే. దానికి సరిపోయాయి. నీ పుస్తకాలకి అట్టలు వేసి పెట్టాను, ఎవరికివ్వాలో తెలీదు. నీ తమ్ముడు ఏడవట్లేదు. తింటున్నాడు, పోతున్నాడు. నాకు భయంగా ఉంది."

బ్రష్షమ్మ తల వంచుకుంది. వినకూడనిది వింటున్నానని చెవులు మూసుకోవాలనిపించింది. దిగిపోవడానికి వీల్లేదు.

"ఆ రోజు నీ చెవి కమ్మ పక్కకి తిరిగిపోయి ఉందమ్మా," అంది ఆవిడ. "ఎక్కగానే చూశాను. సరిచేద్దామని చెయ్యి చాచాను. చేతికి తెల్లగా జిడ్డు. నీ చెంపకి అంటుతుందని వెనక్కి తీసుకున్నా. తుడుచుకుని ముట్టుకుందామనుకున్నా. తుడిచాను. పోలేదు. ఇంకా తుడిచాను. పోతుంది, ఇప్పుడు పోతుంది, పోయాక నిన్ను ముట్టుకుంటాననుకున్నా. ఇంతలో దిగమన్నారు."

ముందు సీట్లో పెద్ద డ్రైవరు వీపు నిటారుగా బిగుసుకుంది. ఆయనకూ ఇది తెలియదు. అద్దంలో చూసినంతే చూశాడు. ఆ తల్లి కూతురిని మరిచి చెయ్యి తుడుచుకుందనుకున్నారు అందరూ. ఆవిడ కూడా తన గురించి అలాగే అనుకుంది, ఇప్పుడు ఈ బల్ల ముందు కూచునేదాకా. ఏడవడానికి తనకు హక్కు లేదనిపించి బ్రష్షమ్మ ఏడుపు ఆపుకుంది.

ఆ తల్లి కుడిచెయ్యి చాచింది. స్టీలు మీద, చెవి ఉండాల్సిన చోట, రెండు వేళ్ళతో దేన్నో పట్టుకుని కొంచెం తిప్పింది. ఆ తర్వాత అరచెయ్యి అంతా అక్కడే ఆనించింది. బండి కుదుపుకి కూడా తియ్యలేదు. పెదవులు కదులుతున్నాయి గాని ఇప్పుడు మాట వినపడటం లేదు.

శ్మశానం గేటు వచ్చింది. పెద్ద డ్రైవరు అద్దంలో చూశాడు. ఆవిడ చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఆయన బ్రేకు మీదినుంచి కాలు తీసి, గేటు దగ్గర ఆపకుండా, బండిని అదే రోడ్డు మీద ముందుకు పోనిచ్చాడు.